‘రెయినీ డే’కు అనంతపుర వ్యాఖ్య

మూలం: సేవ్ సమ్‌థింగ్ ఫర్ ఎ రెయినీ డే.

అవతారిక: ఇది ఇంగ్లీషువారి హితోక్తి. ఇటాలియన్ మూలం నుంచి 1560ల్లో ఇంగ్లీషులోకి దిగిన ‘ది బగ్‌బేర్స్’ అనే హాస్యనాటకంలోనే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి ఇంగ్లీషు వాచకాలూ పొదుపు పాఠాలూ పట్టుకుని అనంతపురం దాకా వచ్చింది. వ్యాఖ్యాతకు పని పడింది ఇక్కడే.

ప్రతిపదార్థం: సేవ్ = దాచుము; సమ్‌థింగ్ = ఎంతో కొంత; ఫర్ = కొరకు; ఎ = ఒకానొక; రెయినీ డే = వానరోజు, అనగా కష్టకాలము. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగే సీమలో ‘ఒకానొక’ అన్న విశేషణం ఎంత పొదుపుగా పడిందో రసజ్ఞులు గమనించాలి. ఇక వానరోజు అంటే ఏదో భారత వాతావరణ శాఖ నిర్ణయించింది: ఇరవై నాలుగు గంటల్లో కనీసం 2.5 మిల్లీమీటర్లు కురవాలి. అంతకు తక్కువైతే రైతు తల తడిసినా శాస్త్రం తడవదు.

శంక: వాన కష్టమెట్లా అవుతుంది?

సమాధానం: దేశభేదం చేత. ఇంగ్లండులో ముసురు పట్టిందంటే పొలం పని ఆగుతుంది, కూలి పోతుంది. కాబట్టి ముందే దాచుకొమ్మన్నారని సాధారణంగా చెప్పే వివరణ. అనంతపురానికి ఆ బాధ లేదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి. తూర్పు తీరం దూరం కావడంతో ఈశాన్య ఋతుపవనం వచ్చేసరికి నీరసిస్తుంది. తక్కువ వానలో జైసల్మేర్ తరువాత మనదేనని పాఠాల్లోనూ ప్రసంగాల్లోనూ చెప్పుకునే జిల్లాలో కష్టమంటే ఎండరోజే. పోనీ మూలాన్ని ‘డ్రై డే’ అని దిద్దుదామా అంటే, ఆ మాటను బ్రాందీ షాపులు ఎప్పుడో పుచ్చుకున్నాయి.

సిద్ధాంతం: దిద్దనక్కర్లేదు. శెనక్కాయ రైతు అక్షరాలా వానరోజు కోసమే దాస్తాడు. విత్తనకాయలు బస్తాల్లో పొట్టుతోనే ఉంటాయి. చాలా ముందుగా ఒలిస్తే మొలక దెబ్బతింటుంది. మృగశిరో ఆరుద్రో ఒక పదును వాన ఇచ్చిందా, ఎర్రనేల తడి ఆరేలోగా, రెండు మూడు రోజుల్లో విత్తు పడాలి. ట్రాక్టరూ గొర్రూ కూలీలూ ఊరందరికీ ఒక్కసారే కావాలి. అందరికీ అప్పుడే డబ్బు ఇవ్వాలి. బిడ్డ ఫీజుకో ఆసుపత్రికో విత్తనం అమ్ముకున్నవాడికి, ఆకాశం కరుణించిన రోజే చేతిలో ఏమీ ఉండదు. వానరోజూ కష్టదినమూ అతనికి ఒకటే. ఇంగ్లీషువాడు ఊహించని శ్లేష.

అలంకారం: అతిశయోక్తి కూడా కలదు. బుక్కరాయల కాలం నాటి చెరువు పక్కన వెలసిన ఊరు పేరు బుక్కరాయసముద్రం. సముద్రం లేని సీమలో చెరువును సముద్రమనుకోవడం పూర్వుల దర్జా. అయితే వాళ్లు వానరోజు కోసం కాక వానరోజునే దాచారు. ఇప్పటి పంట కుంటలు ఆ పాఠాంతరానికే చిన్న అక్షరాల ముద్రణ.

విశేషాంశం: 2014 జనవరిలో కాలిఫోర్నియా గవర్నరు కరవు అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. అదే ఏడు నవంబరులో ఓటర్లు ఖజానాకు ‘రెయినీ డే’ నిధి పటిష్ఠం చేసే ప్రతిపాదనను ఆమోదించారు. నీటి చుక్క లేని ఏడాదిలో వానరోజు నిధి! ఈ సంగతికి అనంతపురంలో ఎవరూ నవ్వరు.

తాత్పర్యం: విత్తనం, కొంత రొక్కం వాన వచ్చేదాకా కదపకుండా ఉంచుకోవలెనని భావం. అది మొదటి వానకు. పూత దాటి ఊడలు దిగే వేళ రెండో వాన మొహం చాటేస్తే ఏం చేయాలో మూలకర్త చెప్పలేదు. అందుకు వాతావరణ ఆధారిత పంటల బీమా నిబంధనలు చూడాలి. అందులో ఎండిన పైరు కాదు, వర్షమాపకం సాక్ష్యం చెబుతుంది. ఆ గ్రంథానికి టీకా రాయడం ఈ వ్యాఖ్యాత తరం కాదు.