గాజు నంబరు అడిగేవాడేడీ!

గాజువాక ఆటోనగర్ వైపు ఏ హార్డ్‌వేర్ షాపుకెళ్లినా ఇప్పుడు వెల్డింగ్ హెల్మెట్లు వరసగా వేలాడుతున్నాయి. ఒకదాని మీద పుర్రె, ఒకదాని మీద మంటలు, ఇంకోదాని మీద గద్ద. కుర్రాళ్లు వస్తారు, నెత్తిన పెట్టుకుంటారు, ఫోన్లో ఫొటో దిగుతారు, "ఇది ఆటోమేటిక్కేనా అన్నా?" అని ఒక్క ముక్క అడిగి డబ్బులిచ్చేసి పోతారు. లోపలున్న గాజు ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా నల్లబడుతుందో చూసేవాడు లేడు, దాని అంచున ఏం రాసుందో చదివేవాడు అసలే లేడు. కంటికి పెట్టుకోవాల్సినదాన్ని నెత్తికి టోపీ కొన్నట్టు కొంటున్నారు.

మా రోజుల్లో టోపీ లేదు, పుర్రె లేదు. డెబ్బయ్యో దశకంలో నేను వెల్డింగ్ హోల్డరు పట్టేనాటికి మాకున్నది హ్యాండ్ స్క్రీన్. ఫైబర్ అట్ట, దానికో పిడి, మధ్యలో నాలుగుంపావు అంగుళాల పొడవూ మూడుంపావు వెడల్పూ ఉన్న నల్లగాజు, దాని ముందు ఒక తెల్లగాజు. ఎడం చేత్తో స్క్రీను, కుడి చేత్తో హోల్డరు. మరి అతికే ముక్కను, అదే జాబును, కదలకుండా పట్టేదెవరు? హెల్పరు. హెల్పరుకి స్క్రీనెవరిస్తారు? వాడు మొహం పక్కకి తిప్పుకుని పట్టుకునేవాడు. ఆర్కు ఆగిందో లేదో చప్పుడును బట్టి తెలుసుకుని ఇటు తిరిగేవాడు. కన్ను చూడనిదాన్ని చెవి చూసేది ఆ రోజుల్లో. నూనెలో వడియాలు వేగుతున్న చప్పుడొస్తే కరెంటు సరిపోయినట్టు, చిటపటమని తెగితెగి వస్తే రాడ్డు దూరం జరిగినట్టు.

గాజు ఎంచుకోవడం అనే మాటే లేదు. స్టోరులో ఏదుంటే అదే మన నంబరు. కొత్తది కావాలంటే పగిలినదాని ముక్కలు పట్టుకెళ్లి స్టోర్‌కీపర్ బల్ల మీద పోయాలి. పగలకపోతే ఇవ్వడు. స్పాటరు, అంటే ఎగిరే లోహపు చుక్కలు, పడి తెల్లగాజు మచ్చలు మచ్చలై ఏమీ కనిపించకపోయినా, పగల్లేదు కాబట్టి బాగున్నట్టే లెక్క. అందుకని ఏంచేసేవాళ్లమో వేరే చెప్పాలా? చిప్పింగ్ హేమరు ఉండనే ఉంది.

అయినా మాకు పని నేర్పిన మేస్త్రి గాజు చేతికి రాగానే చూసుకునేవాడు. నూరు వాట్ల బల్బు వెలిగించి, గాజు కంటికి అడ్డం పెట్టుకుని, లోపలి తీగ ఎలా కనిపిస్తుందో చూసేవాడు. తీగ ఆకుపచ్చగా, సన్నగా, స్పష్టంగా కనిపించి చుట్టూ ఇంకేమీ కనిపించకపోతే పది నంబరుకు అటూ ఇటూ అని తేల్చేవాడు. తీగతోపాటు బల్బు బుర్రా, హోల్డరూ కూడా కనిపిస్తే "ఇది గ్యాసు గాజు, పక్కన పెట్టు" అనేవాడు. నల్లగాజు దొరకని రోజున రెండు లేత గాజులు ఒకదాని మీద ఒకటి పెట్టేవాడు. ఐదూ ఆరూ కలిపితే పదకొండు కావాలి కదా, ఆయన లెక్కలో పది అయ్యేది. "ఒకటి ఎక్కడికి పోయింది మేస్త్రీ?" అంటే "అది నీ బుర్రలోకి పోవాల్సింది, పోలేదు" అనేవాడు. ఆయన ఏ సూత్రమూ చదవలేదు. కానీ సూత్రం కూడా అదే చెబుతుంది. గాజు నంబరు ఒకటి దగ్గర మొదలవుతుంది, ఒకటి అంటే ఏమీ ఆపని గాజు. అందుకే రెండు గాజులు కలిపినప్పుడు మొత్తంలోంచి ఒకటి తీసెయ్యాలి.

ఈ నంబర్ల సంగతి ఇవాళ్టి కుర్రాళ్లకు ఎవరూ చెప్పరనుకుంటా. పదికీ పదకొండుకీ ఒక్క మెట్టే కదా అనుకుంటారు. ఆ ఒక్క మెట్టుకే లోపలికొచ్చే వెలుగులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువే మిగులుతుంది. రెండు మెట్లెక్కితే ఏడో వంతు. పది నంబరు గాజంటే ఎదురుగా ఉన్న వెలుగులో ఏడు వేల వంతులకు ఒక్క వంతునే కంటిదాకా రానిచ్చేది. అందుకే పదిలో శుభ్రంగా కనిపించిన గుంట పన్నెండులో మసకేసిపోతుంది. గుంటంటే కరిగిన లోహం నిలిచే చోటు, ఇంగ్లీషు చదువుకున్నవాళ్లు పడిల్ అంటారు. వెల్డరు చూడాల్సింది ఆర్కును కాదు, ఆ గుంటను. దాని ముందంచు ప్లేటును తింటోందా లేదా, స్లాగు, అంటే చిట్టెం, వెనకే ఉంటోందా ముందుకు పారుతోందా, అది కనిపించాలి.

ఇంకో తమాషా ఉంది. మన దగ్గర రాడ్డుకూ నంబరుంది, గాజుకూ నంబరుంది. రాడ్డు నంబరు గేజి లెక్క, అంటే సన్నబడేకొద్దీ పెరుగుతుంది. పన్నెండు నంబరు రాడ్డు 2.5 మిల్లీమీటర్లు, పది నంబరు 3.15, ఎనిమిది నంబరు 4 మిల్లీమీటర్లు. పది నంబరు రాడ్డు 100, 120 ఆంపియర్ల మీద నడుస్తుంది, దానికి పది నంబరు గాజు చక్కగా సరిపోతుంది. ఇదేదో రూలనుకుని ఎనిమిది నంబరు రాడ్డుకు ఎనిమిది నంబరు గాజు పెట్టుకునే మహానుభావుల్ని చూశాను. లెక్క తిరగబడుతుందక్కడ. ఎనిమిది నంబరు రాడ్డు లావుది, 150 నుంచి 180 ఆంపియర్లు తాగుతుంది. దానికి పదకొండో పన్నెండో కావాలి. అమెరికన్ వెల్డింగ్ సొసైటీ పట్టిక చూడండి. చేతి రాడ్డు పనిలో 60 నుంచి 160 ఆంపియర్ల దాకా ఎనిమిదికి తగ్గకూడదు, పది హాయి. 160 నుంచి 250 దాకా పదికి తగ్గకూడదు, పన్నెండు హాయి. టిగ్ వెల్డింగు అయితే పొగ ఉండదు కాబట్టి ఆర్కు బట్టబయలుగా మండుతుంది, 50 నుంచి 150 ఆంపియర్లకే పన్నెండు పెట్టుకోమంటుంది. గ్యాసు కటింగుకైతే మూడు, నాలుగు, ఐదు చాలు. గ్యాసు కళ్లద్దాలతో ఆర్కు చూడ్డం, ఆర్కు గాజుతో గ్యాసు కటింగు గీత వెతుక్కోవడం, రెండూ చూశాను నేను.

ఆ పట్టిక కింద ఇంకో మాట ఉంటుంది, అసలు సంగతంతా అక్కడే ఉంది. ముందు గుంట కనిపించనంత నల్లటి గాజుతో మొదలెట్టి, ఒక్కో నంబరూ దిగుతూ, గుంట కనిపించే చోట ఆగమంటుంది. కనీస నంబరు దాటి మాత్రం దిగకూడదు. మనవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు. ఎంత నల్లగా ఉంటే కంటికి అంత మంచిదని పదమూడు మీద బిగించి వదిలేస్తారు. తర్వాత కనిపించక ముక్కు జాబుకు ఆనేంత ముందుకు వంగుతారు, పొగంతా పీలుస్తారు, గీత తప్పుతారు, చివరికి స్క్రీను కాస్త ఎత్తి పక్కనుంచి తొంగి చూస్తారు. పదమూడు నంబరు గాజు పెట్టుకుని పక్కనుంచి చూసేవాడికంటే, పది పెట్టుకుని తిన్నగా చూసేవాడి కళ్లే పదిలం. ముద్ర పడిన మంచి గాజయితే అతినీలలోహిత కిరణాల్నీ, వేడి కిరణాల్నీ ఏ నంబరులోనైనా దానికి తగినంత ఆపేస్తుంది. కనీసం దాటాక నంబరు మీ చూపు సుఖం కోసం.

ఆ కిరణాల్ని ఆపకపోతే ఏమవుతుందో మా తరంలో తెలియనివాడు లేడు. పగలేమీ తెలీదు. అన్నం తిని పడుకున్నాక, అర్ధరాత్రి వేళ మొదలవుతుంది. రెప్ప వాలిస్తే గరగర, తెరిస్తే నీళ్ల ధార, దీపం చూస్తే సూది పోటు. కంటి నల్లగుడ్డు పైపొర ఎండకు కమిలినట్టు కమిలిపోవడమది. ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది కాబట్టి ఎవడికి తోచిన వైద్యం వాడు చేసి తన గొప్పే అనుకునేవాడు. బంగాళాదుంప చెక్కలు, కీర ముక్కలు, పక్కింటి బాలింతనడిగి చనుబాల చుక్కలు. ఫ్యాక్టరీల చట్టం 1948లోనే వచ్చింది, అందులో 35వ సెక్షను కళ్ల రక్షణ గురించే. ఆ సెక్షను షెడ్డులో బోర్డు మీదుండేది, గాజు మాత్రం స్టోరులో తాళం వెనకుండేది. ఆ చట్టాన్ని చనుబాలతో అమలు చేసుకున్నాం మేము. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగు ఆర్కు నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలోనే పెట్టింది. కాబట్టి పొద్దున్నే హోల్డరు చేపట్టినవాడు పనివేళంతా గాజు వెనకే ఉండాలి. ట్యాకే కదా, చుక్కే కదా అని కళ్లు మూసుకుని అంటించే వేషాలు వద్దు. రెప్పలు పల్చటి చర్మం, గాజు కాదు.

ఒక్కసారి మాత్రం మా గాజులకు మహర్దశ పట్టింది. 1980 ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి సైంటిస్టులు దిగారు, అక్కడ పూర్తి గ్రహణం. మన ఊళ్లలో సగం మంది తలుపులేసుకుని కూర్చుంటే, మిగతా సగం వెల్డింగు షాపుల ముందు క్యూ కట్టారు. మాస్టార్లు, లాయర్లు, ఎప్పుడూ మా గుమ్మం తొక్కని పెద్దమనుషులు, "బాబూ, ఓ నల్లగాజిప్పిస్తావా?" అని. సూర్యుడికి పన్నెండుకి తగ్గకూడదు, పధ్నాలుగు మేలు. ఎవరైనా నంబరడిగారా? అబ్బే. నల్లగా ఉందా లేదా, అంతే. ఆ జబ్బు కుర్రాళ్లతో పుట్టింది కాదు లెండి.

సరే, ఆటోమేటిక్కు సంగతి. నేను దాన్ని తిట్టను. 1981లో స్వీడన్‌వాళ్లు స్పీడ్‌గ్లాస్ అని తెచ్చారు, మన షాపుల్లోకి అందరికీ అందే ధరలో రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతకుముందు, హ్యాండ్ స్క్రీన్ తర్వాత వచ్చిన మామూలు హెల్మెట్ పెట్టుకున్నవాడు రాడ్డు కొన చోటు చూసుకుని, మెడ ఒక్క విదిలింపు విదిలించి గాజు దించుకుని, చీకట్లో గీకాలి. దించేలోపు చెయ్యి అరంగుళం జరిగేది, ఆర్కు మచ్చ ప్లేటు మీద ఇంకెక్కడో పడేది. రోజుకు కొన్ని వందలసార్లు విదిలిస్తే మెడలేమవుతాయి? నా తోటివాళ్లలో మెడ పట్టీ లేనివాడిని చూపించండి. ఈ కొత్త గాజు ఆర్కు పడగానే సెకనులో పదివేలో వంతు లోపల నల్లబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కొన్నిట్లో గుంట రంగు కూడా సహజంగా కనిపిస్తుంది. ఇది మాకుంటేనా!

కానీ కొనేటప్పుడు ఏం చూస్తున్నారు? లైటరు తీసి దాని ముందు టక్కుమనిపిస్తారు, నల్లబడగానే చప్పట్లు. అది సెన్సారు పరీక్షే గానీ గాజు పరీక్ష కాదు. గాజు అంచున యూరప్‌వాళ్ల లెక్కలో నాలుగంకెలు రాస్తారు, ఒకటి బై ఒకటి బై ఒకటి బై రెండు, అలాగ. అంకె చిన్నదైతే మంచిది. మొదటిది బొమ్మ వంకర లేకుండా కనిపిస్తుందా, రెండోది మసక ఉందా, మూడోది మధ్యనా అంచునా ఒకే నలుపు ఉందా, నాలుగోది వాలుగా చూసినప్పుడు నలుపు మారుతుందా. నా మాట వినకుండా మా తమ్ముడి మనవడు చవకది తెచ్చుకున్నాడు. పైపు జాయింటు కింద వెల్లకిలా దూరి, తల వాల్చి పైకి చూస్తే గాజు కింది సగం నల్లగా, పై సగం పచ్చగా! పైగా రెండే సెన్సార్లు, రెండూ పైపు వెనక దాక్కున్నాయి. ఆర్కు కనపడక గాజు వెలుగుకి తిరిగొచ్చేస్తుంది, మళ్లీ నల్లబడుతుంది, మళ్లీ వెలుగు. "తాతయ్యా, డిస్కో లైటులా కొట్టుకుంటోంది" అన్నాడు. ఇరుకులో పని చేసేవాడికి నాలుగు సెన్సార్లుండాలి. టిగ్‌లో పది, పదిహేను ఆంపియర్ల మీద పనిచేసేవాడు అంత చిన్న ఆర్కును అది పట్టుకుంటుందో లేదో ముందే కనుక్కోవాలి. గ్రైండింగ్ మోడ్‌లో పెట్టి మళ్లీ తిప్పడం మర్చిపోయి ఆర్కు గీసేవాళ్లయితే ఊరికొకరున్నారు. మంచి కంపెనీదయితే బ్యాటరీ చచ్చినా అతినీలలోహిత వడపోత పనిచేస్తూనే ఉంటుంది, కళ్లు జిగేల్‌మంటాయి గానీ రాత్రి గరగర రాదు. ముద్రా ముఖమూ లేనిదాంట్లో ఆ వడపోత ఉందో లేదో తెలుసుకునే మార్గం మీకూ లేదు, నాకూ లేదు.

ఇక ముందుండే తెల్ల కవరు. వేలు పోసి హెల్మెట్ కొంటారు, పది పాతిక రూపాయల కవరు మార్చరు. స్పాటరు మచ్చలతో, పొగ జిడ్డుతో అది పేడ అలికిన గోడలా ఉంటుంది, "గాజు పోయింది మాస్టారూ, ఏం కనపడట్లేదు" అంటారు. మాకు స్టోర్‌కీపరు ఇవ్వలేదు. మీకేమొచ్చింది?

అన్నిటికంటే ఒళ్లు మండేది మాత్రం చత్వారం సంగతి. నలభై దాటిన వెల్డరుకి దగ్గరది మసకేయడం మామూలే. మా రోజుల్లో అలా మసకేసినవాడు పైకి చెప్పేవాడు కాదు. గాజు నంబరు తగ్గించి చూసుకునేవాడు, వెలుగెక్కువైతే కనిపిస్తుందేమోనని. కనిపించేది కాదు, కళ్లు మాత్రం మండేవి. కొన్నాళ్లకి ఎక్స్‌రేలో జాయింట్లు ఫెయిలయ్యేవి. అతన్ని తీసుకెళ్లి గ్యాసు కటింగులోనో, స్లాగు కొట్టే పనిలోనో వేసేవారు, ఎంత చెయ్యి తిరిగినవాడైనా. ఆ మసకకు విరుగుడుగా నల్లగాజు వెనక తగిలించే భూతద్దం పలక ఒకటుంది, ఒకటి నుంచి రెండున్నర పవరు దాకా దొరుకుతుంది. చదువుకునే కళ్లద్దాల పవరు చూసుకుని తీసుకుంటే చాలు, ధర కూడా హెల్మెట్ ముందు లెక్కలోకి రాదు. మొన్న షాపులో అడిగితే యజమాని అటక మీంచి దుమ్ము దులిపి రెండు తీసిచ్చాడు, ఎవరూ అడగరట. పుర్రె బొమ్మలవి మాత్రం వారానికోసారి తెప్పించాల్సి వస్తోందట.