చదివినవాళ్ళు తప్ప ఎవరైనా రాయొచ్చు

2019 జులై 31న దేశమంతటా డాక్టర్లు ఒక రోజు ఓపీలు మూసేశారు. ఆ తర్వాతి వారంలో మన విజయవాడ జూనియర్ డాక్టర్లు కూడా తెల్లకోట్లు వేసుకుని రోడ్డెక్కారు. కోపమంతా జాతీయ వైద్య కమిషన్ చట్టంలోని 32వ సెక్షను మీద. డాక్టరు కాకపోయినా ఆధునిక వైద్యంతో సంబంధం ఉన్న కొందరికి 'కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్' అని పేరు పెట్టి, మందులు రాసే లైసెన్సు ఇవ్వొచ్చని ఆ సెక్షను చెబుతోంది. అదీ పరిమితంగానే. సొంతంగా రాస్తే ప్రాథమిక వైద్యం వరకే రాయాలి, అది దాటితే పైన డాక్టరు ఉండాలి, ఇలాంటివారి సంఖ్య డాక్టర్ల సంఖ్యలో మూడోవంతు మించకూడదు. ఇంతకే నాటు వైద్యానికి చట్టం ముద్ర వేస్తున్నారని, జనం ప్రాణాలు గాల్లో కలిసిపోతాయని గగ్గోలు పుట్టింది.

ఆ గగ్గోలులో నాకు బాగా నచ్చింది అమాయకత్వం. డాక్టరు కానివాళ్ళు మందులిచ్చే కాలం రేపెప్పుడో దాపురిస్తుందని వాళ్ళు బెంగపడ్డారు. అది మన ఊరికి ఎప్పుడో వచ్చింది. అద్దెకు గది తీసుకుంది, షట్టరు ఎత్తింది, లక్ష్మీదేవి పటానికి దండేసి అగరొత్తులు వెలిగించి బోణీ కూడా చేసుకుంది. డాక్టర్లు సమ్మె చేసిన రోజున మందుల షాపులకు సమ్మె పిలుపు లేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

పటమటలో చూడండి, భవానీపురంలో చూడండి, ఉయ్యూరు సెంటర్లో చూడండి. కౌంటరు వెనక నిలబడ్డ కుర్రాడికి బోర్డు లేదు, డిగ్రీ లేదు, అపాయింట్‌మెంట్ల గొడవ లేదు. "తమ్ముడూ, రాత్రి నుంచి జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. రెండు పూటలకివ్వు" అంటారు. షాపులో థర్మామీటర్లు అమ్మకానికే ఉన్నాయి గానీ వాడటానికి లేవు. ఎన్నాళ్ళ నుంచి, షుగరుందా, కడుపులో పుండుందా, ఏ మందైనా పడదా అని అడగడు. అతను అడిగేది ఒకే ఒక్క ప్రశ్న: "ఎంతలో ఇమ్మంటారు?"

రోగనిర్ధారణ శాస్త్రం ఇంత సులువన్న సంగతి సిద్ధార్థ మెడికల్ కాలేజీలో ఏళ్ళ తరబడి పుస్తకాలతో కుస్తీ పట్టే పిల్లలకు తెలియదు పాపం. యాభై రూపాయల జ్వరానికి ఒక జ్వరం బిళ్ళ, ఒక నొప్పి బిళ్ళ, ఒక గ్యాస్ బిళ్ళ. వంద రూపాయల జ్వరానికి యాంటీబయాటిక్ తోడవుతుంది. నూటయాభై అయితే బీకాంప్లెక్సు, దాని పక్కన పేరు అడగకూడని చిన్న తెల్లబిళ్ళ. ఆ బిళ్ళ వేసుకున్న మనిషి గంటలో లేచి తిరుగుతాడు, కుర్రాడి హస్తవాసి గురించి వీధంతా చెబుతాడు. తిరిగేది స్టెరాయిడ్ అని మాత్రం చెప్పడు, తెలియదు కనక. స్ట్రిప్పులను కత్తెరతో కత్తిరించే తీరు కూడా చూడముచ్చటగా ఉంటుంది. మందు పేరు ఒక ముక్కలో, గడువు తేదీ ఇంకో ముక్కలో మిగిలిపోయి, రెండూ లేని ముక్క మన పొట్లంలోకి వస్తుంది. మూడు రోజులు వాడాల్సిన అజిత్రోమైసిన్ మన దగ్గర ఒక పూట మందు. ఒక్క బిళ్ళకు చావని క్రిమి మరుసటి జ్వరానికి ఇంకాస్త రాటుదేలి వస్తుంది.

జనాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఫీజు, పరీక్షలు, బెంచీ మీద ఒక పూట. తాపీపని వాడికి ఆ పూట అంటే ఒక పూట కూలి. కౌంటరు దగ్గర చెప్పులు కూడా విడవక్కర్లేదు. వైద్యం ఖరీదు పెంచినవాళ్ళు జనం షాపుకు పోతున్నారని ఏడవడం నాకు వినోదంగానే ఉంటుంది.

యాంటీబయాటిక్ అనగానే కైకలూరు, కృత్తివెన్ను చెరువులు గుర్తొస్తాయి. అక్కడ రొయ్యకు క్లోరాంఫెనికాల్ పెట్టకూడదు, నైట్రోఫ్యూరాన్ పెట్టకూడదు. సరుకు ఓడెక్కే ముందు ల్యాబులో అవశేషాలు వెతుకుతారు. 2016లో యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల సరుకులో అంతవరకు పదిశాతమే పరీక్షిస్తున్నది చాలదని, సగానికి సగం పరీక్షించాలని నిర్ణయించింది. ఒక్క రొయ్య ఒంట్లో మందు జాడ దొరికితే కంటెయినరు మొత్తం వెనక్కి. ఆ రొయ్యకు రాత్రీ పగలూ కాపలా కాసిన రైతు తన జ్వరానికి ఏం మింగాడు, ఎన్ని పూటలు మింగాడు, ఎవరిచ్చారు అని అడిగేవాడు లేడు. ఆయన్ను ఎవరూ ఎగుమతి చేయరు కదా.

చట్టం లేదా అంటే బోలెడుంది. 1945 నాటి నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు కళ్ళెదుటే మందులమ్మాలి. షెడ్యూల్ హెచ్ మందులను డాక్టరు చీటీ లేకుండా ముట్టుకోకూడదు. అది చాలదని 2014 మార్చి నుంచి హెచ్1 అని ఇంకో జాబితా అమల్లోకి తెచ్చారు. సెఫిగ్జిమ్, ట్రమడాల్, ఆల్ప్రజోలమ్ లాంటివి అందులో ఉన్నాయి. వాటికి విడిగా రిజిస్టరు పెట్టాలి, రాసిన డాక్టరు పేరు, కొన్న రోగి పేరు రాయాలి, దాన్ని మూడేళ్ళు దాచాలి. 2025 మార్చిలో 'ఆపరేషన్ గరుడ' అని విజిలెన్స్, డ్రగ్ కంట్రోల్, పోలీసులు కలిసి రాష్ట్రమంతా మందుల షాపుల మీద ఒక్కసారిగా వాలారు. చీటీ లేకుండా మత్తు మందులు అమ్ముతున్నారని అప్పుడు కనిపెట్టారు. వీధి చివర టీ తాగేవాడిని అడిగినా ఆ సంగతి చెప్పేవాడు, గరుత్మంతుడికి శ్రమ తప్పేది.

ఇంతకీ ఆ ఫార్మసిస్టు ఎక్కడ? గోడ మీద, దేవుడి పటం పక్కన ఫ్రేములో ఉన్నాడు. దేవుడి లాగే ఆయన కూడా షాపులో ఉన్నట్టే లెక్క, కనిపించమని అడగకూడదు. సర్టిఫికెట్టుకు నెలకింత అని అద్దె. మనిషి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తుంటాడు, లేదా ఏ కంపెనీ బ్యాగో మోస్తూ డాక్టర్ల గుమ్మాల దగ్గర నిలబడి ఉంటాడు. అలా ఇవ్వని నిజాయతీపరులూ ఉన్నారు, వాళ్ళకు షాపుల్లో ఉద్యోగాలు దొరకడమే కష్టం. డి.ఫార్మసీ రెండేళ్ళు, బి.ఫార్మసీ నాలుగేళ్ళు, 2008లో మొదలైన ఫార్మ్.డి ఆరేళ్ళు. ఏ మందు ఏ మందుతో కలిస్తే కిడ్నీ దెబ్బతింటుంది, ముసలివాళ్ళకు మోతాదు ఎంత తగ్గించాలి, గర్భిణికి ఏది ఇవ్వకూడదు అన్నదే వాళ్ళ చదువు. అంత చదివినవాడు జ్వరానికి సొంతంగా యాంటీబయాటిక్ ఇస్తే నేరం. ఏమీ చదవని కుర్రాడు ఇస్తే కూడా చట్టం దృష్టిలో నేరమే, కాకపోతే అది ఎవరికీ కనిపించని నేరం.

ఇక్కడి పిల్లలే విమానమెక్కి ఇంగ్లండు వెళ్ళి, అక్కడి అర్హత పరీక్షలు గట్టెక్కి ఫార్మసిస్టులైతే కథ మారిపోతుంది. అక్కడ 2006 నుంచే ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు సొంతంగా మందులు రాస్తున్నారు. 2024 జనవరి 31 నుంచి 'ఫార్మసీ ఫస్ట్' పేరుతో ఏడు జబ్బులకు డాక్టరు దాకా పోకుండా ఫార్మసీలోనే మందివ్వడం మొదలుపెట్టారు. గొంతునొప్పి, సైనసైటిస్, చెవిపోటు, పురుగు కుట్టి చీము పట్టడం, ఇంపెటైగో అనే చర్మవ్యాధి, సర్పి, ఆడవాళ్ళకు వచ్చే మామూలు మూత్రనాళ ఇన్ఫెక్షన్. ఆ ఏడుకైనా వయసు హద్దులున్నాయి, అడగాల్సిన ప్రశ్నలున్నాయి, ఇచ్చిన మందు రాసి రోగి డాక్టరుకు పంపాల్సిన కాగితముంది. గుంటూరు అమ్మాయి లండన్‌లో గొంతు పరీక్షించి మందిస్తే ప్రగతి. సంక్రాంతికి సెలవు పెట్టి వచ్చి తెనాలిలో మేనమామకు అదే చేస్తే నేరం. పక్క షాపులో "తమ్ముడి" దగ్గర కొనుక్కోమని సలహా ఇచ్చిందనుకోండి, అప్పుడు మర్యాద.

రాసేవాడే అమ్మితే లాభం కోసం రాస్తాడు, అందుకే ఫార్మసిస్టుకు కలం ఇవ్వకూడదని ఒక వాదన ఉంది. గట్టి వాదనే. దాన్ని సూర్యారావుపేటలో నిలబడి చెప్పగలిగినవాళ్ళకు నా నమస్కారం. పైన డాక్టరు, కింద మందుల షాపు, రెండూ ఒకే మెట్ల మీద. పైన రాసిన బ్రాండు గవర్నర్‌పేట అంతా తిరిగినా దొరకదు, కిందకు దిగితే మాత్రం నవ్వుతూ ఎదురొస్తుంది. చీటీ పట్టుకుని మెట్లు దాటి వీధిలోకి పోబోతుంటే వాచ్‌మన్ "మందులు ఇక్కడేనండీ" అని దారి చూపిస్తాడు.

ఇక పల్లెలకు పోదాం. అక్కడ రాజ్యం డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా వీళ్ళకు శిక్షణనిచ్చి 'కమ్యూనిటీ పారామెడిక్స్' అని పిలుద్దామనుకున్నారు. ప్రథమ చికిత్స చేయండి, మిగతావి పైకి పంపండి అన్నది ఉద్దేశం. ఉద్దేశంలో రెండో సగం మాత్రం బ్రహ్మాండంగా అమలవుతోంది. పైకి పంపుతున్నారు, పంపినందుకు కమీషను పుచ్చుకుంటున్నారు. నగరంలో పెద్ద ఆసుపత్రుల పీఆర్వోలు మోటారు సైకిళ్ళ మీద దివిసీమ దాకా తిరిగేది ఎవరి కోసమనుకున్నారు? ఏడాదికోసారి ఏ హోటల్లోనో ఆర్‌ఎంపీల ఆత్మీయ సమ్మేళనం, వేదిక మీద డాక్టర్లు, కింద బిర్యానీ, వెళ్ళేటప్పుడు చేతికో బ్యాగు. సెలైను ఎక్కించి, సూది వేసి, యాంటీబయాటిక్ దంచి, చేతులెత్తేశాక కారెక్కించి పంపే ఆర్‌ఎంపీ ఆ వేదిక మీద నుంచి చూస్తే గ్రామీణ వైద్యానికి వెన్నెముక. నాలుగేళ్ళు బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఒక బీపీ బిళ్ళ రాస్తానంటే మాత్రం అదే వేదికకు నాటు వైద్యం కనిపిస్తుంది. తేడా చాలా సులువు. నర్సు పేషెంట్లను పంపి కమీషను అడగదు.

నర్సింగ్ హోముల్లో రాత్రి పన్నెండు తర్వాత వైద్యం ఎవరు చేస్తారో నిద్రపట్టని రోగి ఎవరినైనా అడగండి. డాక్టరుగారు ఫోన్లో ఉంటారు, అదీ మూడో కాల్‌కి. "అదే ఇంజక్షన్ రిపీట్ చెయ్యమ్మా" అంటారు. ఏ ఇంజక్షనో, ఎంతో, ఇప్పుడు ఇవ్వొచ్చో లేదో చూసుకునేది సిస్టరమ్మే. పొద్దున రౌండ్స్‌లో సంతకం పడుతుంది, బిల్లులో డ్యూటీ డాక్టరు ఫీజు పడుతుంది. రాత్రంతా మందులు నిర్ణయించిన చెయ్యి తెల్లారేసరికి మళ్ళీ ట్రే పట్టుకుంటుంది.

నర్సింగ్ డిగ్రీలిచ్చే ఆరోగ్య విశ్వవిద్యాలయం మన విజయవాడలోనే ఉంది. 1986లో పుట్టింది. దాని మీద ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టడానికి 2022లో, మళ్ళీ ఎన్టీఆర్ పేరు తేవడానికి 2024లో ప్రభుత్వాలు తీరిక చేసుకున్నాయి. ఆ డిగ్రీ పుచ్చుకున్న నర్సు ఏ మందును తన పేరు మీద రాయొచ్చో చట్టంలో తేల్చి చెప్పడానికి మాత్రం ఇద్దరికీ వీలు చిక్కలేదు. 32వ సెక్షను కాగితం మీద అలాగే పడుకుని ఉంది.

ఊళ్ళలో పదివేల పైచిలుకు విలేజ్ క్లినిక్‌లు పెడతామన్నారు, పద్నాలుగు రకాల పరీక్షలు, 105 రకాల మందులు ఉంటాయన్నారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆపైన ఆరు నెలల ప్రత్యేక శిక్షణ పొందిన అమ్మాయిలను వేశారు. మొదట వాళ్ళ పేరు ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్), ఇప్పుడు సీహెచ్‌వో (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్). అల్మరాలో మందులున్నాయి, తాళం ఆమె దగ్గరే ఉంది. డాక్టరు ఎప్పుడో రాసిన బీపీ బిళ్ళ ఆమె మళ్ళీ ఇవ్వగలదు. కొత్త సంగతైతే ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య వేదిక ఈ-సంజీవనిలో డాక్టరును పట్టుకోవాలి. సిగ్నలు ఉండాలి, అవతల డాక్టరు ఖాళీగా ఉండాలి, అవ్వకు ఓపిక ఉండాలి. మొదటి రెండూ కుదిరేలోపు మూడోది అయిపోతుంది. అవ్వ లేచి రోడ్డు దాటి ఎదుటి మందుల షాపుకు పోతుంది.

ఆరు నెలల శిక్షణతో నర్సు డాక్టరు అయిపోదని అంటారు. నిజమే, కాదు. మామూలు జ్వరమనుకున్నది మెదడువాపు కావచ్చు, ఆమె పసిగట్టలేకపోవచ్చు. అందుకే జాబితా ఉండాలి, హద్దు ఉండాలి, ఎప్పుడు పైకి పంపాలో రాసి ఉండాలి. హద్దులు ఆమెకు గీద్దామంటేనే ఇంత రభస చేసినవాళ్ళు, హద్దే లేనివాళ్ళ మీద ఒక్క పూటైనా ఓపీ మూశారా?

ప్రభుత్వానికి చదువు పట్టింపు మొదటి నుంచీ లేదు లెండి. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగితే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం చేయించింది. 2021 మే 31న కృష్ణపట్నం ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మందుకు అనుమతినిచ్చింది, కంట్లో వేసే చుక్కలు తప్ప. ఆ చుక్కల దగ్గర ప్రభుత్వానికి శాస్త్రం గుర్తొచ్చింది.

నాదొక చిన్న కోరిక. డాక్టరు గానీ, నర్సు గానీ, ఫార్మసిస్టు గానీ, ఆర్‌ఎంపీ గానీ, కౌంటరు కుర్రాడు గానీ, ఎవరు మందిచ్చినా ఆ మందు పేరు, తన పేరు ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. క్లినిక్‌లో నర్సమ్మకు అభ్యంతరం ఉండదు, ఆమె రోజంతా చేసేది రిజిస్టర్లు నింపడమే. ఆర్‌ఎంపీగారు "ఊరందరికీ నేను తెలిసినవాణ్ణే, కాగితమెందుకు?" అంటారు. డాక్టరుగారు పేరు రాస్తారు, అది ఏ భాషో మనం తేల్చుకోవాలి. ఇక కుర్రాడి ముందు కాగితం పెట్టి చూడండి. కత్తెర ఆపకుండానే అంటాడు: "సంతకాలు మనకెందుకు మామ్మగారూ, దీనికి తగ్గకపోతే రేపు రండి, ఇంకోటి ఇస్తా."