ఇచ్చట ఆరోగ్యం అమ్మబడును

హైదరాబాదులో నాలుగు అపార్ట్‌మెంట్లు కట్టి, రెండు మోకాళ్ళు అరగదీసుకుని, ఇక మిగిలిన జీవితం ప్రజల ఆరోగ్యానికే అంకితం అనుకున్న పెద్దమనుషులకు కొత్తగూడెం దాటాక అడవి మీద మనసు పడటం సహజం. ములకలపల్లి వైపు ఓ హోలిస్టిక్ వెల్‌నెస్ సెంటర్ పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన తమరికీ వచ్చే ఉంటుంది. కన్సల్టెంట్లు ఎలాగూ పవర్‌పాయింట్ చూపిస్తారు. అందులో ఉండని సంగతులు కొన్ని మనవి చేస్తాను, ఫీజు అక్కర్లేదు.

ముందు సేవలు. బ్రోచర్‌లో మొదటి పేజీ ఎప్పుడూ ఫారెస్ట్ బాతింగ్‌దే. 1982లో జపాన్ అటవీ శాఖ దీనికి పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చింది. ఫోను పక్కనబెట్టి చెట్ల మధ్య నింపాదిగా తిరగాలి, అంతే. స్నానమన్నారు గానీ నీళ్ళ ఖర్చు లేదు. ఇదే సేవను మా దగ్గర తునికాకు కోసేవాళ్ళు ఎండాకాలం చీకటితోనే లేచి వెళ్ళి పొందుతున్నారు. ఆకు కోయడం, యాభై ఆకులు లెక్కపెట్టి కట్ట కట్టడం, కల్లానికి మోసుకుపోవడం అన్నీ ప్యాకేజీలోనే. పైగా ఎదురు డబ్బులిస్తారు, కాస్త ఆలస్యమైనా.

అయితే కస్టమరును దింపేముందు అది అడవేనా అని ఒకసారి చూసుకోండి. రోడ్డు పక్కన వరసలు తీరి నిటారుగా నిలబడ్డది జామాయిల్ తోట. దాని గమ్యం సారపాక కాగితం మిల్లు. ఆ పక్కన గుబురుగా, చల్లగా కనిపించేది పామాయిల్. దాని కింద కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే కాసేపటికి గెలల ట్రాక్టరు వచ్చి హారను కొడుతుంది. దాన్ని సౌండ్ హీలింగ్ కింద బిల్లులో రాసుకోవచ్చు.

సాయంత్రం బ్యాచ్ మాత్రం వద్దు. ఏజెన్సీ దోమకు వీఐపీ పాసులతో పని లేదు. తమరి కస్టమరు ఇంటికెళ్ళాక చలిజ్వరం వస్తే హైదరాబాదులో స్కానింగులన్నీ అయ్యాక గానీ మలేరియా గుర్తుకు రాదు. మా ఆశ కార్యకర్త సంచిలో కిట్ ఉంటుంది. వేలు పొడిచి ఓ రక్తపు చుక్క వేసి, చాయ్ తాగి వచ్చేలోపు గీతలు చూసి ఫాల్సిపారమో వైవాక్సో చెప్పేస్తుంది. తమరు పర్సనలైజ్డ్ డయాగ్నస్టిక్స్ అంటారు చూడండి, మండలం మొత్తమ్మీద ఉన్నది అదే.

హైడ్రోథెరపీకి మా దగ్గర కొరత లేదు, కాకపోతే చూసి తరించాల్సిందే. సీతారామ ఎత్తిపోతల రెండో పంపుహౌసు మా మండలం పూసుగూడెంలో ఉంది, మూడోది కమలాపురంలో. 2024 ఆగస్టు 15న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పూసుగూడెంలో మీట నొక్కారు. గోదావరి మా గడ్డ మీద రెండు మెట్లు ఎక్కి, ఏన్కూరు మీదుగా సాగర్ కాలువను వెతుక్కుంటూ పోయే ఏర్పాటు అది. కాలువ గట్టు మీద నాలుగు కుర్చీలు వేయిస్తే మా రైతులు కూడా వచ్చి తమరి కస్టమర్ల పక్కన కూర్చుంటారు. చూడటంలో వాళ్ళకు మంచి అనుభవం ఉంది.

ఇక అసలు లాభం ఐవీ డ్రిప్‌లో ఉందని తమ కన్సల్టెంటు చెప్పి ఉంటాడు. జూబ్లీహిల్స్‌లో పడకకుర్చీ, లావెండర్ వాసన, నరంలోకి విటమిన్ల చుక్కలు, బిల్లు వేలల్లో. ఈ రంగంలో మాత్రం తమరికి గట్టి పోటీ తప్పదు. మా ఆర్‌ఎంపీ గారు ఈ డ్రిప్పు పెట్టేనాటికి జూబ్లీహిల్స్‌లో ఆ మాటే లేదు. రోగిని నులకమంచం మీద పడుకోబెడతారు. సీసాను వాసానికి కొట్టిన మేకుకు తగిలిస్తారు, ఇల్లు ఇరుకైతే వాకిట్లో వేపకొమ్మకు. సిరంజితో అందులోకి పసుపుపచ్చ మందొకటి ఎక్కించగానే సీసా అంతా రంగు తిరుగుతుంది. ఆ రంగు చూస్తేనే సగం నీరసం పోతుంది, మిగతా సగం ఆర్‌ఎంపీ గారి బండి చప్పుడుకే పోయి ఉంటుంది. పక్కన కూర్చున్న ముసలమ్మ చుక్కలు లెక్కపెడుతుంటే, సగం సీసా అయ్యేసరికి రోగికి పత్తిచేను గుర్తొచ్చి “ఆ చక్రం కొంచెం తిప్పు డాక్టరు, తొందరగా పోతది” అంటాడు. డబ్బులు పత్తి అమ్మాక. తమరి సెంటర్‌లో ఈఎంఐ ఉంటుందేమో గానీ, పత్తి అమ్మాక అనే ఆప్షన్ ఉండదు కదా. ఇదంతా వైద్యమా అంటే కాదనే చెప్పాలి. సూది పడకపోతే సరిగా చూడలేదనుకునే అలవాటు మా వాళ్ళకు ఎవరు చేశారో, ఆ అలవాటుకే పరిమళం పూసి నగరంలో అమ్ముతున్నారు.

అలంకరణ సంగతికొస్తే, డిజైనర్ గారికి ట్రైబల్ థీమ్ కావాలి. రిసెప్షన్ గోడకు కొమ్ముకోయలు నాట్యంలో తలకు పెట్టుకునే అడవిదున్న కొమ్ములు కావాలంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిదున్నది మొదటి షెడ్యూలు. ఆ గోడను ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే మొదటి లైకు ఫారెస్టు రేంజరుదే అవుతుంది. వెదురు కుటీరాలంటారా, 2017 దాకా చట్టం దృష్టిలో వెదురు చెట్టు. ఆ ఏడాది సవరణతో అడవి బయట పెరిగిన వెదురు చెట్ల జాబితాలోంచి తప్పుకుంది, లోపలది మాత్రం అటవీ చట్టం కిందే ఉండిపోయింది. కాబట్టి కుటీరానికి నిట్రాళ్ళకన్నా రశీదులు ముఖ్యం. ఇప్పపువ్వు ఫేస్‌ప్యాక్ మంచి ఆలోచనే. ఆ పువ్వుతో ఉట్నూరు ఆదివాసీ మహిళలు లడ్డూ చుడితే పౌష్టికాహారం, కోయగూడెంలో కుండలో కాస్తే ఎక్సైజు కేసు. తమరు చిన్న సీసాలో పోసి ఇంగ్లీషు స్టిక్కరు వేస్తే స్కిన్ టోనర్. పువ్వుకు ఈ మూడు జన్మలున్న సంగతి తెలియదు పాపం, రాత్రికి రాత్రి రాలిపోతుంది.

రంగుల ఎంపికలో సందేహమొస్తే కేంద్ర ప్రభుత్వాన్ని అడగండి, అంతటి ఇంటీరియర్ డెకరేటర్ దేశంలో లేరు. మొట్టమొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌ను ప్రధానమంత్రి 2018 ఏప్రిల్ 14న మా పొరుగునే, ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రారంభించారు. అలాంటివి దేశమంతా లక్షన్నర చేస్తామన్నారు. కొత్త భవనాలు కాదు లెండి, ఉన్న ఉపకేంద్రాలూ పీహెచ్‌సీలకే కొత్త పేరు. గోడకు పసుపు రంగు, అంచుకు గోధుమ రంగు. తర్వాత మన రాష్ట్రంలో పల్లె దవాఖాన అన్నారు. 2023 నవంబరులో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మార్చమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది, పేరు మార్పుకు ఒక్కో సెంటర్‌కు 3,000 రూపాయల లెక్కన ఖర్చు కూడా చూపించింది. రంగూ పేరూ కుదరలేదని పశ్చిమ బెంగాల్‌కు ఆరోగ్య మిషన్ నిధులే ఆగాయి. గోడకు నీలం వేస్తే లోపల బీపీ పెరుగుతుందని ఢిల్లీ వైద్యుల అభిప్రాయం కాబోలు.

గోడ మీద పన్నెండు రకాల సేవలని ఉంటుంది. కాన్పు, పసిబిడ్డ, కన్ను, పన్ను, చెవి, ముసలితనం, మనసు, అన్నీ వచ్చాయి. ఇంతకన్నా హోలిస్టిక్ తమరేం పెట్టగలరు? లోపలికెళితే ఓ బల్ల, బీపీ మిషను, మాత్రల డబ్బాలు, పన్నెండు సేవలనూ ఫోనులో ఎంట్రీ కొడుతూ సిగ్నల్ కోసం గుమ్మంలోకి వచ్చి నిలబడే ఏఎన్‌ఎమ్ము. ఇన్ని పేర్లు మారినా జనం మాత్రం “సిస్టరమ్మ ఉందా?” అనే అడుగుతారు. ఉంటే అది వెల్‌నెస్ సెంటర్, లేకపోతే పసుపు గోడ.

అన్నీ కుదిరాక ఓ చిన్న విషయం మిగిలింది, స్థలం. ములకలపల్లి షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన(ఎల్టీఆర్)ను 1970లో సవరించారు, మా దగ్గర దాన్ని వన్ సెవెంటీ అంటారు. ఇక్కడ గిరిజనేతరుడు భూమి కొనకూడదు. లీజు, తాకట్టు, దానం కూడా బదలాయింపు కిందికే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది తమరే. 1988లో సుప్రీంకోర్టు కూడా ఇది సబబే అంది. అయినా తమకంటే ముందొచ్చిన పెద్దమనుషులు దారి కనిపెట్టారు. పాలేరు పేరున రాయించి, పాలేరును పాలేరుగానే ఉంచడం ఆ దారి. తమరూ అలాగే కానివ్వదలిస్తే ప్రారంభోత్సవం రోజు శిలాఫలకం మీద అందరి పేర్లూ చెక్కించండి, ఆయన పేరు తప్ప. వాళ్ళమ్మాయి పాల్వంచలో డిగ్రీ చదువుతోంది, ఎల్టీఆర్ కేసు ఎక్కడ వేయాలో ఆమెకు తెలుసు.