కట్టప్ప కోసం కొన్న పుస్తకం

2017 మార్చిలో ఆనంద్ నీలకంఠన్ నవల ‘ద రైజ్ ఆఫ్ శివగామి’ వచ్చింది. బాహుబలి రెండో సినిమాకు ఇంకా నెలపైనే గడువు. బాహుబలిని కట్టప్ప ఎందుకు పొడిచాడో ముందే తెలుసుకుని, ఏర్పేడు టీ అంగడి ముందర నలుగురికీ చెప్పి మీసం మెలేయాలని కొన్నవాళ్లే ఎక్కువ. పరీక్షకు ముందురోజు రాత్రి పేపరు దొరికిన సంబరం.

తీరా చూస్తే అందులో బాహుబలి పుట్టనే లేదు! కట్టప్ప ఇంకా కుర్రోడు, అప్పుడే బిజ్జలదేవుడి కొలువులో చేరిన బానిస. శివగామి, తన తండ్రిని రాజద్రోహి అని చంపించిన మాహిష్మతి మీద పగబట్టిన పిల్ల.

‘‘మధ్యలో ఆపేసినాడునా, అంతా మోసం!’’ అన్నాడొక అబ్బోడు. 2015లో సినిమాని కత్తి దిగిన చోట ఆపితే, రెండేళ్లు నోరు తెరుచుకుని కూర్చున్నది కూడా ఇతనే. రాజమౌళి ఆపితే సస్పెన్సు, ఆనంద్ నీలకంఠన్ ఆపితే మోసం. పాత్రలెక్కువ, కుట్రలు అంతకన్నా ఎక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. అది నిజమే. పాపం, వాళ్లు చదివారు.

‘‘మన మాహిష్మతి కథ మలయాళీ రాసేదేందప్పా, అదీ ఇంగ్లీషులో?’’ అని ఇంకొకాయన. ఏర్పేడులో నిలబడి ఆ మాట అనాలంటే గుండెధైర్యం కావాల. 1926లో ఇక్కడ వ్యాసాశ్రమం పెట్టిన మలయాళ స్వామిది ఏ దేశం మరి? కేరళ నుంచి వచ్చి, తెలుగు నేర్చి, తెలుగులో గ్రంథాలు రాశాడు. ఆ మాట అన్న ఈయన పిల్లోళ్లకు మటుకు తెలుగు కూడబలుక్కోను కూడా రాదు. పుస్తకంలో శివగామికి పైశాచి భాషలో ఉన్న గ్రంథం దొరికి, చదవలేక అవస్థ పడుతుంది. ఆ అవస్థ ఈయన ఇంట్లో చందమామ తెరిస్తే చాలు, ఉచితం.

పైశాచి అంటే గుణాఢ్యుడు గుర్తొస్తాడు. ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ పంపితే, ఇదేం భాషని శాతవాహన రాజు తిప్పికొట్టాడని కథ. ఆయన అడవిలో కూర్చుని ఒక్కో పత్రమే చదివి నిప్పుల్లో వేస్తుంటే, జింకలూ అడవిపందులూ మేత మరిచి కన్నీళ్లతో విన్నాయట. రాజుకు ఈ సంగతి ఎట్లా తెలిసింది? పళ్లెంలో మాంసం ఎండిపోయి వచ్చింది కాబట్టి. పరుగెత్తి పోయేసరికి మిగిలింది లక్ష శ్లోకాలే.

ఏర్పేడులో ఇంతవరకూ బిరియానీ రుచి తగ్గలేదు.