దొరల పొగ, నేతన్న పద్దు

వరంగల్ కొత్తవాడలో చేనేత మగ్గానికి కరెంటు మీటరు ఉండదు. కాళ్లూ చేతులూ ఆడితే మగ్గం ఆడుతుంది. రంగు బాన కింద కట్టెల పొయ్యి తప్ప ఇంకో పొగ లేదు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వస్తే అందరం చప్పట్లు కొట్టాం. సంతోషం. మరి వాన కుమ్మేసి గుంట మగ్గంలోకి నీళ్లొస్తే నూలు ఎవరిది, కూలి ఎవరిది? వాతావరణం మారిపోయిందని అధికారులు నిట్టూరుస్తారు. ఎవరు మార్చిండ్రు సారూ?

2015 గుర్తుందా? జూన్‌లో దామరచర్లలో 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన. జులైలో మొక్కలు నాటే హరితహారం. ఒక చేత్తో పొయ్యి రాజేశారు, ఇంకో చేత్తో మొక్క నాటారు. మూడో చెయ్యి లేదు కాబట్టి ఫొటోగ్రాఫర్‌ను పిలిచారు! తర్వాత ప్రభుత్వం మారింది. పొయ్యి ఆరిందా? కొత్త ముఖ్యమంత్రి వచ్చి ఒక్కో యూనిటే వెలిగిస్తూ వచ్చాడు.

అంత దూరం ఎందుకు? మన పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, 1,100 మెగావాట్లు. అదే భూపాలపల్లి జిల్లాలో 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. ఆ పొగే ఈ వరద తెచ్చిందని ఎవరూ అనరు. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఆ తేమ ఎవరి నెత్తిన కురవాలె? చెరువు శిఖం భూములు మింగినోళ్ల నెత్తిన కురవదు. వాళ్లది మూడో అంతస్తు.

పైవాళ్లేం తక్కువ తిన్నారా? 2021లో గ్లాస్గోలో మన ప్రధాని 2070 నాటికి నికర సున్నా ఉద్గారాలు అన్నారు. అప్పటికి మాటిచ్చినోళ్లు ఉంటారా? ఎవరి గల్లా పట్టాలె? 2023 దుబాయ్ వాతావరణ సదస్సుకైతే చమురు కంపెనీ అధిపతే అధ్యక్షుడు. దొంగ చేతికే తాళాలు!

అసలు మాయ తలసరి లెక్కలో ఉంది. అమెరికావాడి తలసరి కార్బన్ డయాక్సైడ్ మనకు దాదాపు 7 రెట్లు. నిజమే, అడగాల్సిందే. కానీ మన సగటు అంత తక్కువగా ఎట్లొచ్చింది? కాన్వాయ్‌లో పది కార్లేసుకుని తిరిగేవాడి పొగను, సైకిల్ మీద నూలు మోసేవాడి పొగను కలిపి భాగించారు. పేదోడి లేమిని జంపఖానాలా పరిచి దాని కింద పెద్దోడి మసి దాచారు. విదేశాల్లో మన బీదతనం చూపించి గడువు అడుగుతారు. వచ్చిన గడువును ఇక్కడ దొరలు వాడుకుంటారు. గిదేం లెక్క?

ఇక సగటు చాలు. ఎవని పొగ వాని పేరునే రాయుండ్రి. బిల్లు కూడా వాని ఇంటికే పంపుండ్రి.