బ్రహ్మోత్సవాలకు ముందు పూసిన రంగు

అలిపిరిలో కాపురముండే వాళ్ళకు ఒక జబ్బుంటుంది. బ్రహ్మోత్సవాలు దగ్గరపడే కొద్దీ ఇల్లంతా పాతగా కనిపిస్తుంది. తిరుమలకు 3,550 మెట్లు ఎక్కాలని బయల్దేరిన బంధువులందరూ ముందురోజు రాత్రి మన ఇంట్లోనే పడుకుంటారు కదా! స్వామి దర్శనానికంటే ముందు వాళ్ళకు అయ్యేది మన హాలు దర్శనమే. ఈ బెంగ మీకెప్పుడూ కలగలేదంటే నేను నమ్మను.

మా ఇంట్లో మామగారిచ్చిన భోజనాల బల్ల ఒకటుంది. ప్లైవుడ్ మీద టేకు వెనీరు, దాని మీద మెరిసే పాలిష్. అంచుల్లో కొంచెం పెచ్చులు లేచినాయి, అంతే. దానికి తెల్ల ఎనామిల్ పూస్తే పెద్దింటి కళ వస్తుందని నాకు తోచింది. వడ్రంగి ఆచారిని పిలుద్దామని మా ఆవిడ చెప్తానే ఉంది. టీటీడీ వాళ్ళ శిల్పకళా సంస్థ ముందునుంచి రోజూ నడిచే మనిషిని, చెక్క సంగతి నాకు తెలీదా అన్నాను. ఆ గోడ పక్కన నడిస్తే చాలు, విద్య గాలికొచ్చి ఒంట్లో దూరుతుందనే నా లెక్క!

తడిబట్టతో తుడిచి, ఆరిందో లేదో చూడకుండా పూసేసినాను. ఉప్పు కాగితం ముట్టలేదు. ప్రైమర్ డబ్బా దండగ ఖర్చు అనిపించింది. ఒక్క పూతతోనే తెల్లబడాలని బ్రష్షు నిండా ముంచి దట్టంగా దిగేసినాను. మర్నాటికి తెలుపులోంచి గోధుమరంగు మరకలు పైకి తేలినాయి. చెక్కలో ఉండే రంగు పూతలోకి ఊరుతుందని నాకేం తెలుసు? వాటి మీద ఇంకో పూత వేసినాను.

బంధువులు దిగినారు. బల్ల చూసి అందరూ మెచ్చుకున్నారు. నేను ఆకాశంలో ఉన్నాను. అంతలో మా ఆవిడ పొయ్యి మీంచి దించిన పొంగలి గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది, నేను వద్దనేలోగా మామగారు వడ్డించుకున్నారు, గిన్నె జరపబోయినారు, అది జరగలేదు, గట్టిగా లాగినారు, అంతే, పెనం మీద దోసె లేచినట్టు మూరెడు తెల్లపొర గిన్నెతో పాటు లేచి ఆయన చేతికొచ్చింది! కింద ఆయనిచ్చిన టేకు నిగనిగలాడతా ఉంది. ఆయన ఏమీ అనలేదు. నేనే గడగడా రంగు కంపెనీని తిట్టినాను.

మనం అందరం ఇంతే. తప్పు చేతిదైతే తిట్టేది డబ్బాని.

ఆచారి వచ్చి గోటితో గీకితే మిగిలిందీ ఊడింది. "కింద పాలిష్ నున్నగుంది సామీ. దేన్ని పట్టుకోని నిలబడల్ల ఆ రంగు?" అన్నాడు. ఆయన పని చూస్తుంటే సిగ్గేసింది, ముచ్చటా వేసింది. ముందు బల్లంతా వేలి కణుపుతో తట్టినాడు. డొల్లగా మోగిన చోట వెనీరు కింద ఫెవికాల్ ఎక్కించి బరువు పెట్టినాడు. పెచ్చులూడిన అంచులకు లప్పం పెట్టినాడు. తర్వాత 220 నంబరు కాగితంతో, చెక్క గీతల వెంబడే, చేత్తోనే మెల్లగా రుద్దినాడు. మిషన్ పెడదామంటే ఒప్పుకోలేదు. వెనీరు మందం అర మిల్లీమీటరు ఉంటే ఎక్కువ, క్షణం ఏమరితే కింది ప్లైవుడ్ బయటపడుతుంది. మెరుపు చచ్చి, చేతికి సన్నటి గరుకు తగిలితే చాలు. దుమ్ము తుడిచి లక్క కలిసిన ప్రైమర్ వేసినాడు. చెక్క మరకలు పైకి రాకుండా ఆపేది అదే. ఆపైన పల్చటి పూతలు, పూతకూ పూతకూ మధ్య 320 కాగితం.

ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుందిగానీ ఎనామిల్ లోపలిదాకా గట్టిపడటానికి వారాలు పడుతుంది. అందులోనూ మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. 2021 నవంబరు వానలకు కపిలతీర్థం జలపాతం ఎట్లా దూకిందో చూసినవాళ్ళకు ఆ చెమ్మ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే ఆచారి సంక్రాంతి దాటేదాకా బల్ల మీద వేడిగిన్నె పెట్టొద్దన్నాడు. వైకుంఠ ఏకాదశికి వచ్చిన బంధువులందరికీ నేలమీదే విస్తరాకులు వేసి వడ్డించినాం. మామగారు కూడా కిందే కూర్చోని తిన్నారు, బల్ల మీద చెయ్యి ఆనించకుండా.