కిలో బాబాయి

మా బాబాయికి లీటరు అనే మాట గిట్టదు. పాలు కూడా కిలోల్లో పోస్తే బాగుండునంటాడు. మూడేళ్ల కిందట పాత పెట్రోలు కారుకు సీఎన్జీ కిట్టు వేయించాడు. అప్పట్నుంచీ బెజవాడలో మా వీధి వీధంతా ఆయన్ని కిలో బాబాయి అంటోంది. "బాగున్నారా?" అని పలకరిస్తే చాలు, "కిలోకి 24 ఇస్తోంది" అంటాడు.

ఇలాంటి బాబాయి ప్రతి వీధిలోనూ ఒకడుంటాడు. గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో లెక్కల పుస్తకం ఉంటుంది. గ్యాసు స్విచ్చు మీద నాలుగు దీపాల్లో ఎన్ని వెలుగుతున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. డిక్కీ తెరిస్తే 60 లీటర్ల సిలిండరు ఇంటల్లుడిలా అడ్డంగా పడుకుని ఉంటుంది. దాంట్లో పట్టేది ఎనిమిదో తొమ్మిదో కిలోల గ్యాసు. సామాను పట్టాల్సింది మాత్రం మన ఒళ్లో.

పక్కింటాయన ఓసారి నోరుజారి, "మా వంటింటి గ్యాసేగా ఇదీ?" అన్నాడు. అంతే, పాపం ఆయన కాఫీ చల్లారిపోయింది. వంటగ్యాసు గాలికన్నా బరువట, లీకైతే నేలబారున పేరుకుంటుందట. ఇది మీథేను, గాలికన్నా తేలిక, పైకెగిరిపోతుందట. సిలిండరులో ఒత్తిడి 200 బార్లు, అంటే కారు టైరులో ఉండే ఒత్తిడికి దాదాపు 90 రెట్లట. 1998లో ఢిల్లీ బస్సులన్నీ గ్యాసుకు మారాలని సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం దాకా వచ్చేసరికి బాబాయి గొంతు మారింది. ఆ తీర్పేదో తానే చెప్పినట్టు ముగించాడు.

మొన్న ఏలూరులో పెళ్లి. తొమ్మిదిన్నరకు ముహూర్తం. గట్టిగా గంటన్నర దారి. అయినా బాబాయి నాలుగింటికే అందర్నీ లేపేశాడు.

"చల్లటి వేళ గ్యాసు చిక్కగా ఎక్కుతుందిరా. ఎండెక్కితే వ్యాకోచిస్తుంది, తక్కువ పడుతుంది."

బంకు దగ్గరికి వెళ్లేసరికి మాకన్నా ముందే లేచిన ఆటోలు పాతిక ఉన్నాయి. రెండు గంటల తర్వాత మా వంతు వచ్చింది. "అందరూ దిగండమ్మా" అన్నాడు కుర్రాడు. నింపేటప్పుడు బండిలో ఎవరూ ఉండకూడదు కదా. పట్టుచీరతో పిన్ని, చేతిలో ఆవకాయ జాడీతో ఓ పక్కన నిలబడింది. "నా పెళ్లిలో కూడా నన్ను ఇంతమంది చూళ్లేదురా" అంది.

ముల్లు 160 దగ్గర ఆగిపోయింది. "ప్రెషర్ లేదు సార్."

"ఇంకొంచెం కొట్టవయ్యా."

"కరివేపాకా సార్, కొసరెయ్యడానికి?"

బాబాయి నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "ఇది డాటర్ స్టేషన్‌రా. దీనికి పైపులైను లేదు. మదర్ స్టేషన్ నుంచి గ్యాసు లారీలో రావాలి. ఆ లారీ ఖాళీ అవుతున్నకొద్దీ ఒత్తిడి పడిపోతుంది."

"అంటే పుట్టింటి నుంచి సారె వచ్చేదాకా ఆగాలన్నమాట," అంది పిన్ని. "టాంకులో పెట్రోలుందిగా, పోదాం పదండి."

బాబాయి ఆవిడవైపు చూసిన చూపు, బ్యాంకులో ఫిక్సెడ్ డిపాజిట్టు రద్దు చేయమన్నప్పుడు చూడాల్సిన చూపు. చల్లటి బండి పెట్రోలు మీద స్టార్టయి గ్యాసుకు మారేదాకా ఆ కాసేపే ఊపిరి బిగబట్టే మనిషాయన. రెండో లారీ వచ్చేదాకా ఆగాం. నింపాం. తలంబ్రాలు అందలేదు కానీ రెండో పంక్తి అందింది.

కిట్టు డబ్బు తిరిగి రావాలంటే బండి తిరగాలన్నది బాబాయి సిద్ధాంతం. అందుకే కొత్తిమీరకు మంగళగిరి వెళ్తాడు. ఎంత తిరిగితే అంత మిగులు. ఓ రోజు పిన్ని లెక్కల పుస్తకం తిరగేసి, "ఏమండీ, అప్పట్లో పెట్రోలుకు ఎంతయ్యేదో ఇప్పుడు గ్యాసుకూ అంతే అవుతోందేం?" అని అడిగింది.

"కానీ రెట్టింపు తిరిగాం కదుటే!" అన్నాడు విజయగర్వంతో.

నవ్వుతాం గానీ, బాబాయి లెక్కలో తప్పులేదు. కిలోమీటరు లెక్కన చూస్తే రూపాయలు నిజంగానే మిగులుతున్నాయి, పొగా తగ్గింది. గంటలు రాసుకునే గడి ఒక్కటే ఆ పుస్తకంలో లేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెళ్లిరోజు ఏటా మర్చిపోయే ఈ మనిషి, సిలిండరు పరీక్ష తేదీ మాత్రం మర్చిపోలేదు. పోయిన నెల తానే దగ్గరుండి విప్పించి, పరీక్ష చేయించి తెచ్చాడు.

మీ బండికీ గ్యాసు సిలిండరుంటే ఈ పూటే ఆ తేదీ చూసుకోండి. మూడేళ్లకోసారి పరీక్ష తప్పనిసరి. ఇక ముహూర్తానికి అందుకోవాలనుకుంటే మాత్రం బస్సెక్కండి.